గోడ వదలని నెత్తురు

నేను ఒక గాజు గొట్టాన్ని. పైన నోరు, కింద గుండ్రటి అడుగు, మధ్యలో ఉన్నదంతా కడుపు. బడిపిల్లల పుస్తకాల్లో నాకు పరీక్షనాళిక అని పెద్ద పేరే ఉంది గానీ, నేను బతికిన చోట అందరూ ట్యూబు అనే పిలిచారు. నా కడుపులోకి ఎందరి నెత్తురో వచ్చింది. వచ్చిన ప్రతిదీ కాసేపు నన్ను అంటిపెట్టుకుని, తర్వాత వదిలేసి, చివరికి తూములో కలిసిపోయింది. ఒక్క పిల్ల నెత్తురు మాత్రం నన్ను వదల్లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా పగిలిపోవడం నాకిష్టం లేదు, అందుకే ఈ నాలుగు మాటలు.

పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికి నాకేమీ లేదు. ఉత్తరాదిన ఎక్కడో ఒక కొలిమిలో ఇసుకగా పడి, కరిగి, గొట్టంగా సాగి, ముక్కలై, ఒక చివర మూసుకుని బయటపడ్డాను. మంటలో ఉన్నంతసేపూ మేమంతా ఒకటే ముద్ద, ఎవరెవరో తెలియదు. చల్లారాకే ఎవరికి వాళ్లమయ్యాం. ఒంటరితనం అంటే ఏమిటో నాకు తెలిసింది అప్పుడే. ఆ తర్వాత మమ్మల్ని వరిగడ్డిలో పేర్చి, చెక్కపెట్టెకు మేకులు కొట్టి, గూడ్సు బండి ఎక్కించారు.

పెట్టె తెరిచేసరికి విజయనగరంలో ఉన్నాం. గంటస్తంభానికి దగ్గరలో ఒక ఇరుకు సందు, ఆ సందులో డాక్టర్ కామేశ్వరిగారి రక్తపరీక్షల లాబ్. పెట్టె తెరిచిన మనిషి పేరు సింహాచలం, ఆవిడ దగ్గర సహాయకుడు. మంచివాడే గానీ చెయ్యి దూకుడు. మొదటిసారి కడుగుతూనే నన్ను కుళాయికి కొట్టి అంచున పెచ్చు లేపాడు. నాలుక కరుచుకుని చెత్తబుట్ట వైపు చెయ్యి చాచాడు. అప్పుడే కామేశ్వరిగారు అటు తిరిగారు.

"అంచు పోయింది గానీ అడుగు పోలేదుగా. ఉంచు దాన్ని," అన్నారు.

ఆ రోజునుంచి నా పేరు పెచ్చుది. నా తోటివాళ్లకు ఎవరికీ పేరు లేదు. నాకు మాత్రం దెబ్బ తగిలి పేరొచ్చింది.

కామేశ్వరిగారు పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగిన చుట్టాలకు, "మీకు ఒంట్లో ఏదో తేడాగా ఉన్నట్టుంది, రేపు పరగడుపున రండి, పరీక్ష చేస్తాను," అనేవారు. వాళ్లు మళ్లీ అడిగేవారు కాదు. మధ్యాహ్నం సింహాచలం భోజనానికి ఇంటికెళ్తే, ఆవిడ మా స్టాండు ముందే క్యారేజీ విప్పుకుని పెరుగన్నం తినేవారు. తింటూ మాతో మాట్లాడేవారు. ఆవకాయ ఉప్పెక్కిందనో, పక్కింటి మేడవాళ్లు గాలి రాకుండా గోడ లేపేశారనో. మేం నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం, మాకు చేతనైంది అదొక్కటే.

ఇక నా పని. చేతినరంలోంచి తీసిన నెత్తురు నాలో పోసి, ఒంటివేడి ఉన్న నీళ్ల తొట్టిలో నిలబెడతారు. కాసేపటికి పెరుగు తోడుకున్నట్టు నెత్తురు గడ్డ కడుతుంది. నా గోడకు చుట్టూ అంటుకుపోతుంది. నెత్తురు గడ్డ కడుతుందని అందరికీ తెలుసు, అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. అసలు సంగతి ఆ తర్వాతే. నెత్తురులో ప్లేట్‌లెట్లనే చిన్న కణాలుంటాయి. మామూలు వేళల్లో ఏమీ ఎరగనట్టు బల్లపరుపుగా ప్రవాహంలో పడి పోతుంటాయి. ఎక్కడో నరం తెగిందని తెలిసిందా, ఉబ్బి, చుట్టూ సన్నటి చేతులు చాస్తాయి. ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. గడ్డలో సాలెగూడులా అల్లుకున్న దారాలను పట్టుకుని, అన్నీ ఏకమై లాగుతాయి. ఆ లాగుడికి గడ్డ బిగుసుకుని, పసుపుపచ్చటి నీరు కక్కి, నా గోడ వదిలి మధ్యకు ముడుచుకుంటుంది. మనిషి ఒంట్లో అయితే అలా బిగిసిన గడ్డే గాయాన్ని మూసి ఉంచుతుంది. బిగియని గడ్డ, తాళం వెయ్యని తలుపు లాంటిది.

కాబట్టి ఎవరి నెత్తురుకు ఎంత పట్టు ఉందో అందరికన్నా ముందు నా గోడకు తెలిసేది. ఇందులో నా ఖర్మ ఏమిటో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నెత్తురు ఎంత ఆరోగ్యంగా ఉంటే అంత తొందరగా నన్ను వదిలేది. బజార్లో బస్తాలు మోసే కుర్రాడి నెత్తురు, ఇలా వచ్చి అలా గోడ విడిచి, ముడుచుకుని నీళ్లలో తేలేది. నేనక్కడ ఉన్నానన్న ధ్యాసే దానికి ఉండేది కాదు. నన్ను ఎక్కువసేపు పట్టుకుని వేళ్లాడినవన్నీ ఏదో ఒక జబ్బు నెత్తురులే.

వాటిలో మళ్లీ ఎన్ని రకాలని! మూత్రపిండాలు చెడిపోయిన ఒక మాష్టారి నెత్తురు వచ్చేది. ఆయన ప్లేట్‌లెట్లు సెలవురోజు గుమాస్తాల్లాంటివి, చేతులు చాచడానికే బద్ధకం, చాచినా లాగడానికి ఓపిక లేదు. ఒంట్లో పేరుకున్న విషం వాటిని అలా చేసిందని కామేశ్వరిగారు సింహాచలానికి చెబుతుంటే విన్నాను. చక్కెర జబ్బున్న మిఠాయి కొట్టాయనవి దానికి తలకిందులు. గాయం లేదు, పిలుపు లేదు, పిలవని పేరంటానికి వచ్చినట్టు ముందే ఉబ్బిపోయి కనపడినదాన్నల్లా పట్టుకునేవి. కాలి నరంలో గడ్డ కట్టి, పిక్క వాచి కుంటుతూ వచ్చిన ఒక బస్సు డ్రైవరుంటే, ఈయనవి ఎంత గట్టిగా లాగుతాయో అనుకున్నాను. తీరా చూస్తే నీరసంగా ఉన్నాయి. ఒంట్లోపల అక్కర్లేని చోట లాగి లాగి అలిసిపోయి, నా దగ్గరికి వచ్చేసరికి చేతులు వేలాడేసుకున్నాయి పాపం. మనుషులూ అంతేగా, అక్కర్లేని చోట సత్తువంతా ఖర్చుపెట్టి, అక్కర పడిన చోట చతికిలబడతారు.

అలా రోజులు గడుస్తుండగా లాబ్‌లోకి మిషన్ వచ్చింది. తెల్లగా, చల్లగా, ముందు ఒక తెరతో. చుక్క నెత్తురు పీల్చి, ఏ కణం ఎన్నుందో లెక్క తేల్చి కాగితం మీద అచ్చేసేది. ఆ తర్వాత దోమలు పెరిగాయి, డెంగీ వచ్చింది, ఊరంతటికీ ప్లేట్‌లెట్లు అనే మాట నోటికి వచ్చేసింది. సందులో ఎవరెదురైనా "కౌంటెంత?" అనే పలకరింపు. కౌంటు పెంచాలని ఇళ్లల్లో బొప్పాయి ఆకులు దంచి రసం తీసి, పిల్లల ముక్కులు మూసి మరీ పోశారు. బొప్పాయి చెట్లు బోడిగుండ్లతో నిలబడ్డాయి. మిషన్ చెప్పే లెక్క చూసి జనం ఏడ్చేవారు, లెక్క చూసి నవ్వేవారు. ఉన్నవాటికి పట్టుందా లేదా అని అడిగినవాళ్లు లేరు. మమ్మల్ని అలమారలోకి నెట్టి తలుపు మూశారు.

అలమారలో ఎంతకాలం ఉన్నానో నేను చెప్పలేను. గాజుకు చీకట్లో పనేమీ ఉండదు. మధ్యాహ్నం కామేశ్వరిగారు పెరుగన్నం తింటున్న చప్పుడు వినిపించేది. ఆవిడ ఇప్పుడు మాట్లాడేవారు కాదు. మిషన్ ముందు కూర్చుని దానితో ఏం మాట్లాడతారు? దానికి నోరు లేదు, తెర ఉంది. మా ఇద్దరికీ మధ్య ఒక చెక్క తలుపే అడ్డం, కానీ ఆ రోజుల్లో అటు ఆవిడా ఇటు నేనూ చాలా ఒంటరిగా ఉన్నాం.

ఒకరోజు పొద్దున్న తలుపు తెరుచుకుంది.

"పెచ్చుదీ, ఇంకోటీ తియ్యి," అంటున్నారు కామేశ్వరిగారు. గొంతులో తొందర ఉంది.

కళ్లు చెదిరే వెలుగులో మొదట కనిపించింది ఒక ఆడపిల్ల. భోగాపురం అవతల సముద్రం ఒడ్డు పల్లెనుంచి వచ్చిన పిల్ల, పేరు నూకరత్నం. ఈమధ్యే పెద్దమనిషి అయింది. బల్లకు ఒక చివర, ఇంటినుంచి తెచ్చుకున్న తాటాకు చాప ముక్క పరుచుకుని దానిమీద ముడుచుకు కూర్చుంది. రెండో చివర వాళ్లమ్మ అప్పలనర్స, అమ్మమ్మ సన్యాసమ్మ. మధ్యలో ఇద్దరు కూర్చునేంత ఖాళీ. తలంటు అయ్యేదాకా ఆ పిల్లను ముట్టుకోకూడదట. పిల్ల పెదాలు సున్నం కొట్టినట్టున్నాయి.

జరిగింది ఇది. సమర్తాడినప్పటినుంచి ఆ పిల్లకు నెత్తురు ఆగలేదు. ఇంట్లో ఒక మూల చాప మీద కూర్చోబెట్టారు, నువ్వుల చిమ్మిలి ఉండలు దూరంనుంచి ఆకులో వేశారు. తన గుడ్డలు తనే దొడ్లో ఉతుక్కుంది. ముట్టుకోరు కాబట్టి ఒళ్లు ఎంత చల్లబడిందో ఎవరికీ తెలియలేదు. మొదటిసారి కళ్లు తిరిగి పడితే పట్నంలో ఒక నర్సింగ్ హోముకు తీసుకొచ్చారు. వాళ్లు నెత్తురు తీసి ఇక్కడికి పంపారు, మిషన్ లెక్క తేల్చింది, ప్లేట్‌లెట్లు కావలసినన్ని ఉన్నాయి. కౌంటు బాగుందని బలం మాత్రలిచ్చి ఇంటికి పంపేశారు. ఇప్పుడు మళ్లీ పడింది. మళ్లీ లెక్క చూస్తే మళ్లీ బాగానే ఉంది. ఈసారి మాత్రం నెత్తురుతోపాటు పిల్ల కూడా వచ్చింది కాబట్టి కామేశ్వరిగారు కాగితం పక్కన పెట్టి మొహం చూశారు.

"వైజాగ్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. కారు మాట్లాడతాను," అన్నారు ఆవిడ.

సన్యాసమ్మ లేచి నిలబడింది. చేపల గంప మోసిన మెడ, నిటారుగా ఉంది.

"లెక్క బాగున్నాదని మీ మిషనే సెప్పింది గదా డాక్టరమ్మా. మరేటి? ఎల్లుండి ఫంక్షను. సుట్టాలు దిగిపోనారు. గుంటని ఇంటికి తీసుకెల్లిపోతాం."

"ఇంత నెత్తురు పోతుంటే ఫంక్షనేమిటమ్మా?"

"సెడ్డ నెత్తురు తల్లీ, పోవాల. ఆపితే కడుపులో గడ్డలవుతాయి. నాకవలేదా, దీనమ్మకవలేదా? సిమ్మిలి పెడతన్నాం, బలానికి."

"ఒక్కసారైనా ముట్టుకుని చూశారా, ఎంత చల్లగా ఉందో?"

"ముట్టుకోకూడదు గదమ్మా," అంది సన్యాసమ్మ, అదేం ప్రశ్న అన్నట్టు.

కామేశ్వరిగారికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. "ఒక్క గంట. పిల్ల కాస్త పడుకుంటుంది, మీరు టీ తాగండి. ఈలోగా ఒక పరీక్ష చేస్తాను. అందులో ఏమీ లేదంటే మీ ఇష్టం," అన్నారు. ఫోను చేసి కారు మాత్రం పిలిపించుకునే ఉంచారు.

సింహాచలం పిల్లను ఆ బల్లమీదే పడుకోబెట్టి నెత్తురు తీశాడు. సూది దిగిన చోట నెత్తురు ఆగడం లేదు. దూది మీద దూది పెట్టి గట్టిగా అదిమి పట్టుకున్నాడు. రత్నం అతని చేతివంక చూసి, చాలా చిన్న గొంతుతో అంది.

"నన్ను ముట్టీసుకున్నారండి. ఇప్పుడు మీరు తానం సెయ్యాల."

"చేస్తాలే అమ్మా. సాయంత్రం ఎలాగూ చేస్తాను," అన్నాడు సింహాచలం. దూది మాత్రం వదల్లేదు.

ఆ నెత్తురు నాలో పోశారు. సింహాచలం తన చెయ్యి కూడా చాచి కొంచెం తీయించుకుని రెండో ట్యూబులో పోయించుకున్నాడు. బాగున్న నెత్తురు పక్కన ఉంటేనే బాగోలేనిది తెలుస్తుందని ఆవిడ ఎప్పుడూ చెప్పే మాట. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. నీళ్ల తొట్టి ఎలాగూ ఎన్నాళ్లనుంచో వాడక చల్లగా ఉంది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

"నీది నువ్వు పిడికిట్లో పట్టుకో. దీన్ని నేను పట్టుకుంటా," అన్నారు కామేశ్వరిగారు.

నన్ను చీరకొంగులో చుట్టి, గుప్పిట మూసి, ఆ గుప్పిటను చంకలో పెట్టుకుని పిల్ల పడుకున్న బల్ల పక్కన కూర్చున్నారు. ఇన్నేళ్లలో నన్ను తోమారు, ఎండబెట్టారు, తొట్టిలో నిలబెట్టారు. అంతసేపు ఒక మనిషి అరచేతిలో ఉండటం మాత్రం అదే మొదలు. ఆ అరచెయ్యి గరుకుగా ఉంది, వెచ్చగా ఉంది. కొలిమిలోంచి వచ్చాక నాకు అంత వెచ్చదనం ఎప్పుడూ దొరకలేదు.

లోపల రత్నం నెత్తురు గడ్డ కట్టింది. దారాలు బాగానే అల్లుకున్నాయి. ప్లేట్‌లెట్లు కూడా లేచాయి, ఉబ్బాయి, చేతులు చాచాయి. మందకు మంద ఉన్నాయి, మిషన్ అబద్ధమేమీ చెప్పలేదు. కానీ ఆ చేతుల చివర వేళ్లు లేవు. దారం తగులుతోంది, జారిపోతోంది. పక్కదాని చెయ్యి తగులుతోంది, జారిపోతోంది. ఒకదాని పక్కన ఒకటి నిలబడి, ఒకదాన్నొకటి పట్టుకోలేక, అన్నీ ఒంటరిగానే ఉన్నాయి. లాగేవాళ్లు లేని ఆ గడ్డ నా గోడను అంటుకుని అలాగే ఉండిపోయింది.

ఎద్దు పుండు కాకికి ముద్దన్నట్టు, నాకు సంతోషం వేసింది. అవును, సంతోషమే. ఇన్నాళ్లకు ఒక్కటి నన్ను విడిచి పోలేదు. బయట వెచ్చటి అరచెయ్యి, లోపల పోని నెత్తురు. ఇలాగే ఉండిపోతే బాగుండునని కోరుకున్నాను.

గంట గడిచాక ఆవిడ గుప్పిట విప్పి నన్ను కిటికీ వెలుగులో పెట్టారు. వంచి చూశారు. గడ్డ కదల్లేదు, ఒక్క చుక్క పచ్చనీరు రాలేదు.

"నీది చూపించు, సింహాచలం."

సింహాచలం గుప్పిట విప్పాడు. అతని నెత్తురు ముడుచుకుని, ఊరబెట్టిన ఉసిరికాయలా పచ్చటి నీళ్లలో తేలుతోంది. ఆవిడ రెండు ట్యూబుల్నీ పక్కపక్కన పట్టుకుని సన్యాసమ్మ ముందుకు వెళ్లారు.

"అమ్మా, మీ ఊళ్లో ఒడ్డున నిలబడి పెద్ద వల లాగుతారు కదా?"

"లాగుతారు."

"రెండు తాళ్ల దగ్గరా మనుషులుంటారు. తాడు పట్టుకుని, కాళ్లు ఇసకలో తన్నిపెట్టి, హైలెస్సా అని అందరూ ఒక్కసారి లాగితేనే వల ఒడ్డుకొస్తుంది. అవునా? ఇది ఇతని నెత్తురు. చూడండి, వల బిగిసింది. ఇది మీ పిల్లది. ఇందులోనూ మనుషులు అంతేమంది ఉన్నారు. మిషన్ లెక్కపెట్టింది ఆ తలలనే. కానీ ఒక్కడికీ తాడు పట్టుకునే వేళ్లు లేవు. పుట్టుకతోనే లేవు. ఎంతమంది ఉండి ఏం లాభం?"

సన్యాసమ్మ నావంకే వంగి చూసింది. తర్వాత మెల్లగా అంది.

"అంటే, ఊరంతా సుట్టాలే గానీ ఉట్టి కట్టడానికి తావు లేదంటావు."

"అంతే. ఇది చెడ్డ నెత్తురు పోవడం కాదు. ఉన్న నెత్తురే పోతోంది. ఇంటికి తీసుకెళ్తే పిల్ల ఎల్లుండిదాకా ఉండదు."

అప్పుడు అప్పలనర్స మాట్లాడింది. కళ్లు నేలమీదే ఉన్నాయి.

"పెద్దోడికీ ఇలాగేనండి. దీనికి ముందు పుట్టినోడు. పాలపన్ను ఊడితే నెత్తురు ఆగనేదు. పొద్దుపోయేదాకా కారి, తెల్లారేసరికి... అమ్మోరు తీసుకెల్లిపోనాదన్నారు. దీనికీ సిన్నప్పట్నించీ ముక్కులోంచి కారతాది. వేడి ఒళ్లన్నారు."

కామేశ్వరిగారు ఆమె వైపు తిరిగి, "మీ ఆయన మీకేమవుతాడు?" అని అడిగారు.

జవాబు సన్యాసమ్మ చెప్పింది. "నా తమ్ముడే. మేనమామకే ఇచ్చుకున్నాను. నా పిల్ల నా కళ్ల ముందే ఉంటాదని, పరాయోల ఇంట్లో కట్టపడకూడదని." చివరి మాట దగ్గర ఆ నిటారు మెడ వంగిపోయింది. "నానే సేసినానా డాక్టరమ్మా?"

"మీరు చేసింది కాదు. ఈ లోపం మీ ఇంటి నెత్తుర్లో దాక్కుని ఉంది. ఒక పక్కనుంచే వస్తే ఎవరికీ ఏమీ కాదు. రెండు పక్కలా ఒకే ఇల్లు కాబట్టి రెండు పక్కలనుంచీ వచ్చింది. మీకెలా తెలుస్తుంది?"

సన్యాసమ్మ విన్నదో లేదో. బల్ల దగ్గరికి వెళ్లి, ఆ తాటాకు చాప ముక్కను చేత్తో పక్కకు లాగేసి, పిల్ల తలను ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. రత్నం భయపడిపోయింది.

"అమ్మమ్మా, మైల!"

"మైలా లేదు గియిలా లేదు. మూసుకుని తొంగో," అంది ముసలిది. పిల్ల చల్లటి చేతుల్ని రెండు చేతుల్తో రుద్దుతూ ఏడవడం మొదలుపెట్టింది. కారు వచ్చేదాకా ఆ చేతులు వదల్లేదు.

వాళ్లు వెళ్లిపోయాక లాబ్ బోసిపోయింది. కామేశ్వరిగారు వైజాగ్ ఆసుపత్రికి ఫోను చేసి, లెక్క కాదు, పట్టు లేదు, వేరేవాళ్ల ప్లేట్‌లెట్లు ఎక్కించండి అని గట్టిగా రెండుసార్లు చెప్పారు. తర్వాత నన్ను కడగమన్నారు. రత్నం నెత్తురు నీళ్లకు రాలేదు, పుల్లకు రాలేదు. సింహాచలం బ్రష్షు పెట్టి తోమితే ముక్కలు ముక్కలుగా వచ్చింది. శుభ్రంగా మెరుస్తూ స్టాండులో నిలబడ్డాను. అంత ఖాళీగా నేను ఎప్పుడూ లేను.

కబురు వెంటనే రాలేదు. మధ్యాహ్నాలు ఆవిడ క్యారేజీ ముందు పెట్టుకుని, మూత తీసి, తినకుండానే మూసేసేవారు. మా స్టాండును మాత్రం మళ్లీ అలమారలో పెట్టలేదు. ఒకరోజు నావంక చూసి, "ఏమైందంటావే?" అన్నారు. మళ్లీ నాతో మాట్లాడినందుకు పొంగిపోవాలి. కానీ నాకూ అదే భయం. ఆ పిల్లకేమైనా అయితే, నన్ను అంటిపెట్టుకున్న ఆ ఒక్క నెత్తురూ చావుకే అంటుకుందన్నమాట.

తర్వాత ఒక పొద్దున్న సందులో ఆటో ఆగింది. సన్యాసమ్మ గొంతు ముందు వచ్చింది, తాటిముంజల బుట్ట తర్వాత వచ్చింది. ఆ వెనకాల అమ్మ చెయ్యి పట్టుకుని రత్నం. పెదాలకు రంగొచ్చింది. బల్లమీద అమ్మకీ అమ్మమ్మకీ మధ్యలో, ఖాళీ అన్నది లేకుండా, ఇరుక్కుని కూర్చుంది.

"ఎవులో కాలేజీ కుర్రోలంట డాక్టరమ్మా," అంది సన్యాసమ్మ. "ఆలెవులో మాకు తెల్దు, మేమెవులో ఆలకు తెల్దు. ఆలలోంచి తీసి దీనికెక్కించినారు. పచ్చగా ఉన్నాది సంచీలో. ఆ రాత్రే నెత్తురు ఆగిపోనాది. ఫంక్షనంటారా, సుట్టాలు తిట్టుకుంటూ ఎల్లిపోనారు. పోనీండి."

కామేశ్వరిగారు అంతా విని, నవ్వి, "ఒక్కసారి నా కళ్లతో చూసుకుంటాను," అన్నారు. సింహాచలం అడక్కుండానే నన్ను తీసిచ్చాడు. ఈసారి కరెంటు ఉంది, తొట్టి వెచ్చగా ఉంది. మళ్లీ ఆ నెత్తురు నాలోకి వచ్చింది. మళ్లీ గడ్డ కట్టింది, మళ్లీ నా గోడను అంటుకుంది. ఉండిపో అనాలో, వెళ్లిపో అనాలో నాకు తెలియలేదు. నిజం చెప్పాలంటే రెండూ అన్నాను.

మొదట అడుగున చీమ పాకినట్టనిపించింది. రత్నం ప్లేట్‌లెట్లు ఎప్పటిలాగే వేళ్లు లేని చేతులు చాచుకుని నిలబడి ఉన్నాయి. వాటి మధ్యలో అక్కడక్కడా కొత్తవి, ఎవరో తెలియని కుర్రాళ్లవి. అవి దారాన్ని పట్టుకున్నాయి. జారలేదు. లాగాయి. కొంచెం ఆగి మళ్లీ లాగాయి. బస్తాలు మోసే కుర్రాడి నెత్తురంత జోరుగా కాదు, కష్టంగా, మెల్లగా, ఉన్న కొద్దిమందే ఊరందరి బరువూ లాగుతున్నట్టు. నా గోడకూ గడ్డకూ మధ్య వెంట్రుకవాసి సందు పడింది. ఆ సందులోకి ఒక పచ్చటి చుక్క ఊరింది.

"వదిలింది!" అని కామేశ్వరిగారు చిన్నపిల్లలా అరిచారు. "సింహాచలం, వదిలిందోయ్!"

అవును, వదిలింది. ఆవిడ కళ్లు తుడుచుకుంటున్నారు, సన్యాసమ్మ ఏమిటో తెలియకుండానే దణ్ణం పెడుతోంది, రత్నం నావంక వంగి చూస్తోంది. నన్ను విడిచిపెట్టిన వాటన్నిటిలోకీ ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఇది విడిచిపెట్టకపోయి ఉంటే నేను ఇంకా ఎక్కువ బాధపడేదాన్ని.

ఆ అరువు చేతులు కొద్దిరోజులే ఉంటాయని, తర్వాత మళ్లీ తన నెత్తురే తనకు దిక్కని ఆవిడ రత్నానికి విడమరిచి చెప్పారు. నెల నెలా ఇబ్బంది లేకుండా మందులు వాడాలి, నొప్పి బిళ్లలు ఏవంటే అవి మింగకూడదు, పన్ను పీకించుకోవాలన్నా ముందు చెప్పాలి. పిల్ల అన్నిటికీ తలూపింది. వెళ్తూ వెళ్తూ సింహాచలాన్ని, "ఆ రోజు తానం సేసినారా?" అని అడిగింది. అతను చెయ్యలేదని, మర్చిపోయానని చెప్పాడు. ఆ పిల్ల నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి.

కాలం ఎవరినీ కాచుకుని ఉండదు. ప్లాస్టిక్ ట్యూబులు వచ్చాయి, ఒక్కసారి వాడి పారేసేవి. పేరు రాకముందే పోతాయి పాపం. సింహాచలం కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు. కామేశ్వరిగారి కళ్లు మసకబారాయి, లాబ్ మూసేసి చెల్లెలి ఊరికి వెళ్లడానికి నిశ్చయించుకున్నారు. పాత సామాన్లవాడు వచ్చి మిషన్‌ను తూకానికి వేశాడు. లెక్కలన్నీ చెప్పినదానికి చివరికి బరువే మిగిలింది. గాజుసామానంతా బస్తాలో పోస్తుంటే ఆవిడ వేళ్లతో తడుముకుంటూ అంచులు చూశారు. పెచ్చు తగిలింది. నన్ను తీసి గుప్పిట్లో పెట్టుకుని కాసేపు కుర్చీలో కూర్చున్నారు. ఆ చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది, గరుకు మాత్రం పెరిగింది. బయట కారు హారను కొట్టింది. ఆవిడ లేచి, నన్ను కిటికీ గూట్లో మూలకు ఆనించి నిలబెట్టి, తలుపు తాళం వేసుకుని వెళ్లిపోయారు.

అప్పటినుంచి ఇక్కడే ఉన్నాను. కిటికీ అద్దం ఒకచోట పగిలింది. వానొస్తే నాలుగు చుక్కలు నాలో పడతాయి, ఎండొస్తే అవీ పోతాయి. మాట్లాడేవాళ్లు లేరు.

మొన్నీమధ్య ఒక పొద్దున్న తలుపు తట్టిన చప్పుడైంది. తర్వాత ఒక ఆడమనిషి కిటికీ దగ్గరికి వచ్చి, రెండు చేతులూ కళ్లకు అడ్డం పెట్టుకుని అద్దంలోంచి లోపలికి చూసింది. నిండైన మొహం, ఎర్రటి పెదాలు. మొహం పెరిగింది గానీ ఆ చూపు పెరగలేదు, రత్నమే. వెనకనుంచి ఎవరో కొత్తావిడ, "ఎవులూ నేరేటి?" అంది.

"నేరు. తాళమేసున్నాది," అంది రత్నం. "పన్ను పీకించుకున్నాను, బాగానే ఆగింది నెత్తురు అని సెప్దామని వచ్చినాను. డాక్టరమ్మ ఎక్కడికెల్లిపోనాదో."

నేను ఆమె మొహానికి జానెడు దూరంలో ఉన్నాను. నా అడుగున నిన్నటి వాననీళ్లు కొంచెం ఉన్నాయి. ఆమె నన్ను చూడలేదు. అద్దంలో తన నీడ చూసుకుని, చెదిరిన జుట్టు సర్దుకుని, కిటికీ వదిలేసింది. పక్కావిడ చెయ్యి పట్టుకుని సందులోంచి గబగబా నడిచి వెళ్లిపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. బాగున్న నెత్తురంతా నన్ను అలాగే వదిలి వెళ్లింది.